బాపు ఏడో మాట

మా నాన్న, అంటే మా బాపు, చర్చిలో పుల్పిట్ ఎక్కి, బైబిలు తెరిచి, ఎదురుగా కూర్చున్న మమ్మల్నందరినీ ఒకసారి కలయజూసి, రెండే రెండు ముక్కలు చెప్పి దిగిపోయాడు. మొన్న గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో ప్రసంగీకుల ముందు కొత్తగా పెట్టిన ఎర్రంకెల గడియారాన్ని చూస్తుంటే, చిన్ననాటి ఆ మధ్యాహ్నమే కళ్లముందు మెదిలింది.

చర్చి అలవాటు లేనివారి కోసం కాస్త చెబుతాను. యేసు సిలువ మీద పలికిన మాటలు ఏడు. గుడ్ ఫ్రైడే నాడు వాటి మీద ఏడుగురు వరసగా ప్రసంగిస్తారు. ఆయన ప్రాణం విడిచిన మూడు గంటల వేళకు ఆరాధన ముగియాలి. ముందువాళ్లు ఎంత సాగదీస్తే చివరివాడికి అంత కోత గనుక, ఏడో మాట అంటే అందరూ తప్పించుకునేవాళ్లు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే బాపు మాత్రం ఏదో ఒక మాట దొరికితే చాలని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. చివరికి పాస్టరు అయ్యగారు ఆ ఏడోదే ఇస్తే, ఉపవాసాల శ్రమదినాలని కూడా మరిచి ఇంటికి మిఠాయి తెచ్చాడు.

శాలిబండలో మాకూ పక్కింటి చాచాకూ నడుమ ఒకటే గోడ. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, బాపు ఆ గోడకేసి తిరిగి ప్రసంగం మొదలుపెట్టేవాడు. విషయం త్యాగం. ప్రభువు తనను తాను తండ్రి చేతుల్లో పెట్టినట్టే మనమూ మనకు బాగా ఇష్టమైనదాన్ని చేతులారా ఇచ్చేయాలని, ఇచ్చాక చాటుకోకూడదని దాని సారం. మాదన్నపేట మార్కెట్లో కూరగాయల అవ్వకూ అదే వినిపించబోతే, "ముందుగాల సంచి పట్టు నాయనా, త్యాగం ఎనక జేద్దువు" అన్నదట.

తీరా ఆ రోజు వచ్చింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. రెండో మాటకు ఎక్కిన రిటైర్డ్ హెడ్మాస్టరు తన జీవితమంతా చెప్పుకొచ్చారు, నాలుగో మాటాయన తన ప్రసంగానికి తానే ఏడ్చారు. బాపు వంతు వచ్చేసరికి మూడు కావస్తోంది. ముందు వరసలో ఉపవాసం ఉన్న ముసలమ్మలు కొంగులతో విసురుకుంటున్నారు. పర్వాలేదు, చెప్పమన్నట్టు అయ్యగారు తలూపారు.

"పెద్దలు అన్నీ చెప్పిన్రు. ఇగ ప్రార్థన జేసుకుందాం" అన్నాడు బాపు.

సాయంత్రం ఎట్లా జరిగిందో కనుక్కుందామని చాచా వచ్చాడు.

"మర్చిపోయిండు భాయ్. కాళ్లు వణుకుడు నేను సూసిన" అంది అమ్మ.

"నా కొడుకు మా ముసలోళ్ల కోసం నోరు కట్టుకున్నడు. గదే త్యాగం, నీకేమెరుక!" అంది నాయనమ్మ.

"అరే భాయ్, మా గోడకు మొత్తం యాదికుంది, నువ్వెట్ల మర్చిపోతవ్?" అన్నాడు చాచా.

బాపు నవ్వి, "చాయ్ తాగుతవా భాయ్?" అన్నాడు. ఆ తర్వాత ఆయనకు పుల్పిట్ ఎక్కే అవకాశం మళ్లీ రాలేదు.

పత్రికలో పనిచేసిన రోజుల్లో చోటు చాలదని నా వార్త తోక కత్తిరించినప్పుడల్లా డెస్క్‌వాళ్ల మీద లొల్లి చేసి, ఇంటికి వెళ్లే దారిలో బాపు గుర్తొచ్చి చల్లబడేవాణ్ణి.

ఇప్పుడు గడియారం పుణ్యమా అని ఎవరి నిమిషాలు వాళ్లకు దక్కుతున్నాయి. మంచిదే. ఏడో మాటాయన కూడా తన వంతు తృప్తిగా చెప్పుకున్నాడు. పక్కవాడి కోసం తన వంతు వదులుకోవాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు, అది మాత్రం ఎందుకో కొంచెం వెలితిగా తోచింది.

బాపు, నాయనమ్మ, చాచా ఎవరూ లేరిప్పుడు. ఇంటికొచ్చి అమ్మను మరోసారి అడిగాను. "మర్చిపోయిండు బిడ్డా" అని నవ్వి, ఆ ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా తడుముకోకుండా అప్పజెప్పింది. బాపు నిజంగా మరిచిపోయాడో, తెలిసే వదులుకున్నాడో మా ఇంట్లో ఇంకా తేలలేదు.