నేల తానే పెట్టుకున్న ముగ్గు

వానలు మొదలైతే రంగూన్‌లో ఉప్పే నీరు కారుతుంది, అప్పడాలు ఏం ఆరుతాయి? పజుండౌంగ్‌లో మా ఇంటి వెనక గదిలో గోడల అడుగున వేడినీళ్ల గొట్టాలుండేవి. పెరట్లో ఊకపొయ్యి మీద కాగిన నీళ్లు వాటిలో తిరిగేవి. గోడ పక్కన పళ్లేల్లో అప్పడాలు పెళుసెక్కేవి, గది మధ్యవి బూజు పట్టేవి. ఈసారీ ఇలాగే అయితే అప్పడాల పని ఇక మానేస్తానని అత్తగారు అనేశారు. ఆ పని మానడమంటే ఆవిడకి మంచం పట్టడమే.

గొట్టాల పని చేసే బర్మా పెద్దాయనని మేం ఊలే అంటాం, బాబాయి అన్నట్టు. ఆయన గోడ గొట్టాలు ఊడదీసి, ఆ ఒక్క గదిలో నేల మీద ప్లాస్టిక్ గొట్టాలు మూడు వరసలుగా మెలికలు తిప్పి పరిచి, పైన సిమెంటు పోశాడు. ఇలాంటి నేల ఆయనకీ మొదటిదే. నెల ఆగి పొయ్యి వెలిగించాం. ఈశాన్యం మూల పళ్లేల్లోవి మాత్రం మెత్తగానే ఉండిపోయాయి. అక్కడ గొట్టం నలిగిందేమో, రేపు నేల పగలగొట్టి చూడాలన్నాడు ఊలే.

మర్నాడు శుక్రవారం. పొయ్యి వెలుగుతుంటే నేల తడపొద్దని ఊలే చెప్పింది మరిచి, అలవాటుగా పసుపునీళ్లతో గది కడిగేశాను. గుర్తొచ్చి, గుడ్డ తెచ్చేసరికి నేల మీద గీతలు తేలుతున్నాయి. కింద గొట్టం వేడెక్కినంత మేరా తడి ఆరి, తెల్లగా, మెలిక వెంట మెలిక. చిన్నప్పుడు నేను బడికి వెళ్లలేదు. అమ్మ బియ్యప్పిండితో నేల మీదే అక్షరాలు దిద్దించింది. పిండి పైనుంచి రాలడమే ఎరుగుదును. గీత కిందినుంచి రావడం అదే చూడడం. గుడ్డ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

“ఏటే, ముగ్గెట్టినావేటి?” అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

“నాను కాదత్తా. నేలే ఎట్టుకుంది.”

ఆవిడ వట్టికాళ్లతో గీతల వెంట నడిచి, ఈశాన్యం మూలకెళ్లే మూడో వరస దగ్గర ఆగారు. “మరిదేటి, మొదలంటా తడే?”

అప్పుడే వచ్చిన ఊలే అది చూసి నన్నేమీ అనలేదు. తడి గోడ దగ్గరే మొదలైంది కాబట్టి నీళ్లసలు లోపలికే వెళ్లలేదని, గొట్టంలో గాలి అడ్డుపడిందేమో, ముందు అది తీసి చూద్దామని, గోడ మీది చిన్న కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి, తరవాత తుంపరలు, తరవాత నీళ్లు. సుత్తి సంచిలోనే ఉంది.

నా మరుపుని కూడా స్వామి పనికి పెట్టుకున్నాడు. దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ మూలా తెల్లబడింది. అత్తగారు అక్కడే పీట వేసుకుని మినప్పిండి జల్లించడం మొదలుపెట్టారు.