ఇరవై మూడో నంబరు

బడి చదువు ముగిసి ఏడాదైనా, బల్ల మీద ఓ పక్కకు ఒదిగి కూర్చునే అలవాటు ఆ అమ్మాయికి పోలేదు. రెండో పక్క చోటు స్నేహితురాలిది. ఆమె పై చదువుకు వేరే ఊరెళ్లింది. ఈమె హోటల్ లాండ్రీలో చేరింది. వేడి దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి వేళ్ల కొసలు గరుకెక్కాయి. సూపర్‌వైజరక్క గది నంబరు పిలిస్తే ఆ గది మూట అందించాలి. నిన్న అక్క "ఇరవై మూడు!" అని కేకేసింది. పరధ్యానంలో ఉన్న అమ్మాయి చటుక్కున లేచి, "ప్రెజెంట్ మేడమ్!" అంది. బడిలో ఆమె హాజరు నంబరు అదే. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తనూ నవ్వింది.

ఇవాళ చేతులు దుప్పట్ల మీద, చెవులు అక్క గొంతు మీద. ఇరవై రెండు అయింది. ఆ వెంటనే ఇరవై నాలుగు పిలిచింది.

"అక్కా, ఇరవై మూడు?"

"ఆ గదిలో ఎవరూ లేరమ్మా."