ఆ పూట వంట ఎవరిదైతే వాళ్ళే పెద్ద

మొన్న పంటి నొప్పితో, ఈ అరబ్బు దేశంలో మేముండే ఊళ్ళోనే అల్ కుసైస్‌లో ఒక క్లినిక్కు వెతుక్కుంటూ వెళ్తే, అది ఒకప్పుడు నేను రెండేళ్ళు చదివిన కాలేజీ అంతస్తులోనే ఉంది. మా సోషియాలజీ క్లాసు జరిగిన గదిలోనే కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరవమన్నారు. అదే గదిలో నా నోరు మూయించలేక మాస్టారు అలిసిపోయారని ఆ పిల్ల డాక్టరుకేం తెలుసు!

కరోనా ఏడాది ఇంట్లో కూర్చుని విసుగెత్తి, నలభై దాటాక సామాజిక శాస్త్రాల డిప్లొమాలో చేరాను. మొదటి ఏడాదంతా ఫోనులోనే, పోపు వేస్తూ పాఠం వినేదాన్ని. రెండో ఏడాది క్లాసుకి వెళ్తే మా అమ్మాయి ఈడు పిల్లలు ఆంటీ అంటూ లేచి చోటిచ్చేవారు, అదొక అవమానం. ఈ రెండేళ్ళూ మంచి మార్కులతో గట్టెక్కితే యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ మూడో ఏడాదికి తీసుకుంటారు, లేకపోతే ఆరునెలలు ఆగాలి. మన వయసులో ఆరునెలలు వెనకబడడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆఖరి పని ఒక కుటుంబాన్ని చూసి రాయడం. పిల్లలంతా ఎవరింటి గురించి వాళ్ళు రాసుకుంటే, నేను అదే ఊళ్ళో సత్వా పేటలో మా పెద్దమ్మ కూతురి గదికి వెళ్ళాను. అక్క ఇళ్ళల్లో పనిచేసేది, మన గోదావరి వైపు ఆడవాళ్ళే మరో ఐదుగురితో కలిసి ఉండేది. వంట వంతులవారీగా. ఆ పూట వంట ఎవరిదైతే ఏం వండాలో, ఎవరికెంత పెట్టాలో, డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకి ఏ ముక్క దాచాలో, అంతా ఆవిడ మాటే. ఉప్పెక్కువైందని నోరు జారినవాళ్ళు మర్నాడు పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. ఇంటి పెద్ద ఎవరని అడిగితే, పులుసు కలుపుతున్నావిడ గరిటె ఎత్తి, "ఇయ్యాల్టికి నేనేనండి. రేపు మీ అక్కండి, ఇప్పట్నించే బయపడతన్నామండి" అంది.

అలాగే రాస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. పెద్ద అన్నచోట ఒక్క పేరే ఉండాలట, వయసులో పెద్దావిడది రాసెయ్యమన్నారు. రోజుకొక పెద్ద ఉంటే అది హాస్టలు గాని కుటుంబం కాదన్నారు. హాస్టల్లో జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారని నేనడిగాను. గంట కొట్టినా వాదన తెగలేదు. ఆరుగురిలో వయసులో పెద్ద అక్కే, చెబితే నవ్వింది.

"నా పేరు రాసేసుకోవే, లేపోతే నీ సదువు పోద్ది. నేనేవన్నా కేసెడతానా?"

"రాయను."

"ఎంత సదివినా ఆ నోరు తగ్గదే నీకు. ఖలాస్, కూకుని అన్నం తిను."

ఆరుగురి పేర్లూ రాశాను. మాస్టారు పాసు మార్కులతో సరిపెట్టారు. ఆ సబ్జెక్టు మళ్ళీ చదివొస్తే గాని చేర్చుకోమని యూనివర్సిటీ వాళ్ళన్నారు. ఆరునెలలు పోయాయి. అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

తర్వాత అక్కావాళ్ళ గది ఉన్న భవనం ఖాళీ చేయించారు, ఆరుగురూ తలో దిక్కుకి వెళ్ళిపోయారు. నా డిగ్రీ పూర్తయింది. మా ఇంట్లో ముగ్గురం మూడు వేళల్లో, ఎవరి ఫోను వాళ్ళు ముందేసుకుని తింటాం. ఇంటి పెద్ద ఎవరని ఎక్కడడిగినా మా ఆయన పేరు చెప్పేస్తాను, ఎవరూ కాదనరు. అక్క ఇప్పుడు దూరాన కల్బా ఊళ్ళో ఒకరింట్లో పనిచేస్తూ వాళ్ళ వెనక గదిలో ఒక్కతే వండుకుంటోంది. క్లినిక్కు నుంచి వచ్చి ఫోను చేస్తే, కూరలో ఉప్పెక్కువైనా అనేవాళ్ళు లేరే అంది.