పెద్దనాయన చెప్పిన చలికొండల కథ

ముదలియార్‌పేటలో నేను అద్దెకున్న ఇంటి యజమాని, పెద్దనాయనా అని నేను పిలిచే బట్టల మిల్లు పాత కార్మికుడు, పోయిన నెల కన్నుమూశారు. కబురు అందేసరికి నేను యానాంలో మా అమ్మ దగ్గర ఉన్నాను. ఎనభై దాటిన మనిషి, బాధపడకుండా పోయారు, అదృష్టం అన్నారందరూ. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయన దగ్గర ఒప్పుకోవలసిన మాట నాలోనే మిగిలిపోయింది.

గుమాస్తాగా బదిలీ మీద ఇక్కడికి వచ్చినప్పుడు నాకు తమిళ అక్షరం ఒక్కటీ రాదు. ఆయనది తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు చదవడం ఆయనకు రాదు. "ఏంది కలెక్టరమ్మా, యాడికంత తొందర?" అని మెట్ల దగ్గర ఆపి, తమిళ పేపరు చూస్తూ నాకు తెలుగులో చెప్పేవారు. ఒకసారి పక్కింటివాళ్ళు నా మీద రాసిన ఫిర్యాదును తిట్లతో సహా చదివి వినిపించారు. నేను ముఖం ముడుచుకుంటే, "ఉండేది ఉన్నట్టు చదవాల తల్లీ. నీకు తెలీదు గదా అని దాస్తే అది దొంగతనమే" అన్నారు.

దేశపు తొలి ప్రధాని అంటే ఆయనకు ప్రాణం. తన చిన్నప్పుడు ఆ ప్రధాని ఈ ఊరికి వస్తే జనంలో నిలబడి చూశారట. ఆ జీవితాన్ని తెలుగు పుస్తకంగా చూసుకోవాలని ఆయన కోరిక. ఆదివారాలు ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. జైలు రోజులు, ఆనకట్టలు హుషారుగా చెప్పి, యుద్ధం దగ్గరకొచ్చేసరికి ఏడ్చేశారు.

"చలికొండల్లోకి మన సిపాయిల్ని పల్చటి బట్టతో పంపినారమ్మా. నేను బట్ట నేసినోణ్ణి, నాకు తెల్దా? అది ఆయన తప్పే. పెద్దోడి కతలో తప్పు చెప్పకపోతే అది కత గాదు, పూజ."

ఆ అధ్యాయాన్ని నేను పుస్తకంలో పెట్టలేదు. ఆవిష్కరణ సభకు పెద్దలు వస్తున్నారు, నాది సర్కారు ఉద్యోగం, ఎవరికి కోపం వస్తుందోనని భయం. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను. సభ రోజున ఆయన పేజీలన్నీ తిప్పి చూసి, "అంతా ఉండాదా?" అని అడిగారు. "అంతా ఉంది పెద్దనాయనా" అన్నాను.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆయన చదివే పేపరు వింటూనే ఉన్నాను. ఇవాళ చెప్పేద్దాం అనుకుంటూ మెట్లు దిగేదాన్ని, ఆఫీసుకు వేళైందని వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు మీకు చెబుతున్నాను. చెప్పవలసిన ఇంట్లో ఎవరూ ఇది చదవలేరు.

పదహారో రోజు కర్మ నాడు బంధువుల మధ్య కూర్చున్న పెద్దమ్మ, ఆయన భార్య, పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ చలికొండల కత ఒక్కటి సదువు తల్లీ. అది చెప్పేటప్పుడే గదా ఆయన ఏడ్చింది."

తెరిచాను. ఎదురుగా ఆనకట్ట పనుల అధ్యాయం. ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు. కానీ కళ్ళు పేజీ మీదే ఉంచి, ఆయన మాటలు గుర్తున్నవి గుర్తున్నట్టు అప్పజెప్పాను.

"ఒక్క మాట పోనీకుండా రాసినావే" అంది పెద్దమ్మ. కళ్ళు తుడుచుకుని, పేజీ మీద వేలు పెట్టింది. "ఈడేనా ఉండేది?"

తలూపాను. ఆమె ఆనకట్ట పేజీని రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకుంది.