నా పిల్లి, వదిన జ్వరం

పుస్తకాన్ని నేల మీద తెరిచి పెట్టి, దాని ముందు బోర్లా పడుకుని చదవడం నాకు చిన్నప్పటి అలవాటు. మా పిల్లి సరిగ్గా నేను చదువుతున్న పేజీ మీదికే వచ్చి కూర్చునేది. పక్కకి జరిపితే గీరేది. నా ముంజేతుల మీద పాతవో కొత్తవో గీతలు ఎప్పుడూ ఉండేవి. వదిన మా ఇంటికి వచ్చాక పేజీలు ఏ అడ్డూ లేకుండా తిరగడం మొదలుపెట్టాయి.

వదినది వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు. మాది బోగోలు వైపు వరి పండించే ఊరు. సముద్రం దూరమేమీ కాకపోయినా, మా ఇంట్లో చేపలంటే ఆదివారం మాటే. వదిన వచ్చాక అది వారమంతా అయింది. పెరట్లో బండ మీద చేపలు తోముతూ, గోడ అవతలి వాళ్ళతో గలగలా మాట్లాడుతూ, తలకాయలు పిల్లికి విసిరేది. అది కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు దూదితో పాలు పట్టింది నేను. అయినా దానికి పేరు పెట్టాలని నాకు తోచలేదు. వదిన వచ్చిన వారానికే "బంగారూ" అని పిలిచింది. అది తోక నిటారుగా లేపి వెళ్ళింది. నేనూ అలా పిలవొచ్చు కదా అనుకున్నాను గానీ, బయటికి పిలవడానికి సిగ్గేసింది. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గొంతు తగ్గించి ఒకసారి పిలిచి చూశాను. రాలేదు.

ఈ ఏడాది వానలు మొదలైనప్పుడు వదినకు జ్వరం వచ్చింది. చంక కింద నిమ్మకాయంత గడ్డ తేలింది. అన్న రొయ్యల గుంటల పని మానుకుని కావలి తీసుకెళ్తుంటే తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ గడ్డను తడిమి, వదిన వేలి మీద ఎండిపోయిన చిన్న గీతను చూసి, "ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగింది.

"ఉందండీ, మా బంగారు" అంది వదిన, అంత జ్వరంలోనూ నవ్వుతూ.

"అది గీరినప్పుడు గోళ్ళ నుంచి వచ్చే బ్యాక్టీరియా అయి ఉండొచ్చు. భయం లేదు, చాలామందికి తగ్గిపోతుంది. మందులు రాస్తాను."

నేను చున్నీ పక్కకు లాగి రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. చూడండి, ఇన్నేళ్ళుగా గీరించుకున్నది నేను, అన్నట్టు. ఆమె చూడలేదు. నాకు ఒక్క తుమ్ము కూడా రాలేదు. వదినకు ఒక్క గీతతోనే జ్వరం, గడ్డ, డాక్టరమ్మ నోట పిల్లి మాట. ఆఖరికి దాని జబ్బు కూడా వదినకే ఇచ్చిందన్నమాట. ఇంటికి వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ అదే రోజు తేల్చేసింది. "దాన్ని కాలవ దాటించేస్తా."

"పాపం అత్తా! దానికి జబ్బుందో లేదో పరీక్ష చేయిద్దాం" అని మంచం మీంచే బతిమాలింది వదిన.

"చేయించండి. లేదని వస్తే ఉండనీ. ఉందని వస్తే మాత్రం నేనే తీసకపోయి వదిలేస్తా" అంది అమ్మ.

మా వైపు పిల్లిని వదిలేయాలంటే గోనెసంచిలో వేసి, మూతి కట్టి, బయలుదేరే ముందు సంచిని గిరగిరా తిప్పుతారు. అలా తిప్పితే అది దిక్కు మరిచిపోతుందని, తిప్పకపోతే మనకన్నా ముందే ఇల్లు చేరుతుందని నమ్మకం. మర్నాడు పరీక్ష కోసం పిల్లిని సంచిలో వేసిన అమ్మ, వాకిట్లో నిలబడి బలంకొద్దీ తిప్పేసింది.

"ఏందిమా అది! వదిలేసేదానికి కాదు, పరీక్షకి!" అని అన్న అరిచాడు.

"చేతికి అలవాటురా" అంది అమ్మ, సంచి ఆపి.

ఎదురింటి అత్త అప్పటికే గడపలోకి వచ్చేసింది. "పిల్లిని వదిలేసేదానికి పోతా ఉండారా? మా అమ్మగారి ఊరి సైడు వదలబాకండి, ఆడ ఇప్పటికే చానా ఉండాయి!"

పశువుల ఆసుపత్రి దాకా సంచిని ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను. లోపల చప్పుడు లేదు. గుంటల దగ్గర్నుంచి ఫోను వస్తే అన్న బయటే ఆగిపోయాడు. డాక్టరు బల్ల మీద సంచి విప్పారు. పిల్లి బయటికి వచ్చి ఒక అడుగు వేసి, పక్కకి ఒరిగి, లేచి మళ్ళీ ఒరిగింది. తల ఒక వైపే వాలిపోతోంది. నోట్లోంచి సొంగ కారుతోంది.

డాక్టరు గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు. "ఎన్నాళ్ళ నుంచి ఇట్టా తూలతా ఉండాది? ఎవరినన్నా కరిచిందా?"

నేను సంచి మూతి తాడును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"చెప్పమ్మా. ఇట్టాంటిదాన్ని ఇంటికి పంపేదానికి లేదు. పిచ్చి పట్టిందేమో, బోనులో పెట్టి చూడాల."

బోను అనగానే మాట బయటికి వచ్చింది. "తిప్పింది సార్."

"ఎవరు?"

"అమ్మ. సంచిని."

ఆయన నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, కుర్చీలో కూలబడి నవ్వారు. "మా ఊళ్ళోనూ తిప్పుతారులే గానీ, ఆసుపత్రికి తిప్పి తెచ్చింది మీరే! కూర్చో. తల తిరగడం తగ్గినాక చూస్తా."

బయట బల్ల మీద కూర్చున్నాను. పిల్లి నా మోచేతి మడతలో ముఖం దాచుకుంది. వదిన వచ్చాక అది నన్ను అలా పట్టుకోవడం అదే మొదటిసారి. కళ్ళు తిరుగుతున్నందుకే అని తెలుసు. ఇంకాసేపు తిరిగితే బాగుండు అనిపించింది.

తర్వాత దాని కాలి దగ్గర బొచ్చు కత్తిరించి రక్తం తీశారు. గట్టిగా పట్టుకున్నందుకు నన్ను గీరింది. "సబ్బుతో కడుక్కోపోమ్మా. ఎప్పుడూ ఇట్టానే గీరతాదా? నీకు జ్వరం గిరం రాలేదా?" అన్నారు. "లేదు సార్" అన్నాను, పరీక్ష తప్పినట్టు.

ఇంటికి రాగానే వదిన గదిలోంచి కేకేసింది. "పాపా, నా బంగారం ఏడిచిందా?"

నా బంగారమట. వినపడనట్టు పెరట్లోకి వెళ్ళిపోయాను.

నమూనా తిరుపతి వెళ్ళి ఫలితం వచ్చేసరికి వదిన జ్వరం తగ్గింది. గడ్డ మాత్రం ఇంకా ఉంది. డాక్టరు ఫోను చేస్తే అన్న అందరికీ వినపడేలా పెట్టాడు. "ఉందయ్యా. చానా పిల్లుల్లో ఉంటాది, వాటికేం కాదు. ఆమెకి దీన్నుంచే వచ్చిందని ఈ పరీక్ష చెప్పలేదు. బొచ్చులో గెంతే పురుగులు ఉండాయి, వాటితోనే ఈ జబ్బు పాకేది. మందిస్తా. రోజూ దువ్వి పురుగులు తీసేయండి, గోళ్ళు కత్తిరించండి. ఆమెకి పూర్తిగా తగ్గేదాకా మాత్రం దగ్గరికి పోనీబాకండి."

అమ్మకు మొదటి మాటే వినపడింది. వంటింటి మూల నుంచి సంచి తెచ్చింది. వదిన తన గది గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి అలా నిలబడితే, మాట్లాడడానికి నేనే మిగిలాను.

"నన్ను వదిన కన్నా ఎక్కువ గీరింది" అన్నాను, చేతులు చాచి. "నాకూ పరీక్ష చేయించు. ఉందని వస్తే నన్నూ సంచిలో వేసి తిప్పుతావా?"

అమ్మ నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నిన్ను తిప్పినా ఏం లాభమే? కాలవ గట్టున పుస్తకం దొరికితే ఆడ్నే కూచుంటావు." అన్న పెద్దగా నవ్వాడు. అమ్మ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది. "దాని చాకిరీ అంతా నీదే. కోడలి గదిలోకి పోయిందా, ఇక మాటల్లేవు."

అలా పిల్లి మళ్ళీ నా గదికి వచ్చింది, డాక్టరు మాట మీద. రోజూ సన్నటి దువ్వెనతో దువ్వి, ఊడిన పురుగుల్ని సబ్బునీళ్ళలో ముంచుతాను. అది కదలకుండా కూర్చుంటుంది గానీ, ముఖం వదిన తలుపు వైపు పెట్టి కూర్చుంటుంది. లోపల గాజులు కదిలితే దాని చెవులు కదులుతాయి.

నిన్న మధ్యాహ్నం మూసిన తలుపు అవతల నుంచి వదిన మెల్లగా అడిగింది.

"పాపా, అది నన్ను మర్చిపోయిందా?"

దువ్వెన ఆపాను. పిల్లి లేచి తలుపు సందులో ముక్కు పెట్టింది. వదినకు అది కనిపించదు.

"లేదు వదినా" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు పశువుల డాక్టరు ముందు సంచి సంగతి ఒప్పుకోవడానికి పట్టినదానికన్నా ఎక్కువసేపు పట్టింది.