నాన్న కాలు, కారు బ్రేకు

2018 జూన్ పదిహేడో తేదీ, ఉదయం ఆరున్నర. నాకు తెలియనిది కూడా లోకంలో ఉండవచ్చునన్న అనుమానం ఆ రోజుల్లో నాకు లేదు. మా ఇంట్లో తొలి పట్టభద్రుణ్ని, అందునా మెకానికల్ ఇంజనీరును. మొదటి ఉద్యోగపు జీతాలు కూడబెట్టి ఒక పాత కారు కొన్నాను. ముప్ఫై ఏళ్లు సున్నపురాయి లారీ నడిపి, యజమాని లారీ అమ్మేయడంతో రెండేళ్లుగా ఇంటిపట్టున ఉన్న మా నాన్న దాన్ని చూసి, "దీనికి నేనే డ్రైవర్ని. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యను" అన్నారు. ఆ ఉదయం ఆయన ఎవరూ చెప్పకుండానే గడ్డం గీసుకున్నారు.

ఆయన స్టీరింగు పట్టగా, నేను పక్కన కూర్చుని బయలుదేరాం. నడికుడి దారిలో తొలి చినుకులకు, లారీల నుంచి రాలిన రాతిపొడి తడిసి రోడ్డు వెన్నలా జారుతోంది. మలుపులో గేదెల మంద అడ్డం వచ్చింది. నాన్న లారీ పద్ధతిలో బ్రేకును తొక్కుతూ, వదులుతూ (చక్రాలు బిగుసుకుంటే బండి జారిపోతుందని ఆయన పాదానికి తెలుసు) చివరి గేదెకు జానెడు దూరంలో ఆపారు. శభాష్ అనవలసిన చోట నేను పాఠం మొదలుపెట్టాను.

"అట్లా కొట్టగూడదు నాన్నా. దీనికి ఏబీఎస్ ఉంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు. చక్రం బిగుసుకోబోతుంటే సెన్సరు కనిపెట్టుద్ది. లోపలి డబ్బా బ్రేకును వదిలి మళ్లీ పట్టుద్ది, సెకనుకు పదిసార్లు. స్టీరింగు కూడా మాట వింటది."

"అంటే నా కాలు చేసే పని ఆ డబ్బా చేస్తదా?"

"నీకన్నా చానా బాగా చేస్తది."

(ఆ "చానా" లేకపోయినా పాఠానికి లోటు వచ్చేది కాదు.)

"ఏదీ, చూపియ్యి ఇంజనీరూ" అంటూ ఆయన సీటు మారారు.

ఖాళీ రోడ్డు మీద వేగం నలభైకి తెచ్చి బ్రేకు తొక్కాను. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ అరికాలి కింద టకటకా తన్నుతుందని నేను చదివిన పుస్తకం చెప్పలేదు. ఏదో విరిగిందనుకుని హడలిపోయి కాలు తీసేశాను. కారు నిదానంగా వెళ్లి రోడ్డు పక్కన పైపైనే తడిసిన సున్నపుపొడి గుట్టలో మూతి పెట్టింది. అద్దాలు దించి ఉండడంతో ఇద్దరం వెల్లవేసిన గోడల్లా తయారయ్యాం.

"ఏందిరా, నొక్కి పట్టుకోమని నీకెవరూ చెప్పలా?" అన్నారు నాన్న.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కారును వెనక్కు తీసి, తువ్వాలుతో ముందద్దం తుడిచి, తాళం నా చేతిలో పెట్టారు.

"నాకు తెలిసింది దీనికి పనికిరాదులేరా. నువ్వే నడుపుకో."

పక్కన కూర్చుని నాలుగుసార్లు తొక్కించి ఉంటే అరపూటలో ఆయనకు కొత్త అలవాటు పట్టుబడేది. ముఖం మీది సున్నం కడుక్కోవాలన్న తొందరలో నేను ‘నువ్వే నడుపు నాన్నా, నేర్పుతా’ అనలేదు. సున్నపు ముఖంతో నిలబడ్డ ఆనాటి పట్టభద్రుణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. ఆ ఉదయం తరువాత మా నాన్న మళ్లీ స్టీరింగు పట్టలేదు.