రూత్ మామ్మగారి నీలం గిన్నె

ఆష్‌బర్న్‌లో మా ఇంటి గరాజ్‌లో నేను మొక్కజొన్న గారెలు వేస్తుంటే ఆ వాసన వీధి చివరి దాకా పాకుతుంది. ఇంట్లో వేస్తే కర్టెన్లకీ కోట్లకీ నూనె వాసన పట్టి వారం దాకా వదలదని గరాజ్‌లో పొయ్యి పెట్టించుకున్నదాన్ని. కుక్కని తిప్పడానికి బయల్దేరినవాళ్లు కూడా ఆ పూట మా ఇంటి ముందు కాస్త ఎక్కువసేపే ఆగుతారు. నాకూ నోరూరుతుంది, అబద్ధమెందుకు? కానీ మొదటి వాయి తీసి గిన్నెలో వేశాక వెంటనే ఒక్కటీ నోట పెట్టుకోలేను. అంచున పెచ్చులూడి నల్లబడిన నీలం ఎనామిల్ గిన్నె అది. మాది కాదు.

డెబ్బైల చివర్లో, నాకు ఐదేళ్లప్పుడు, మా నాన్నకి ఓక్లహోమాలో పానీ అనే ఆదివాసీ తెగవాళ్లుండే చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. అంతా ఎర్రమట్టి, ఎప్పుడూ గాలి, పొద్దున్న తుడిచిన మెట్లు మధ్యాహ్నానికి మళ్లీ పసుపూ కుంకుమా జల్లినట్టుండేవి. ఆ మట్టిలోనే మా అమ్మ గుంటూరు నుంచి కొంగున కట్టి తెచ్చిన విత్తనాలతో గోంగూరా బీరకాయలూ విరగపండించింది. పక్కింటి పానీ ముసలావిడ రూత్ కంచె మీద మోచేతులాన్చి అదంతా చూస్తుండేది. ఊరి పిల్లలతో పాటు నేనూ ఆవిడని గ్రాండ్‌మా అనేదాన్ని, అమ్మ మాత్రం మామ్మగారు అనేది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి నాలుగు ఇంగ్లీషు ముక్కల కంటే రావు, కాబట్టి ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసే పెద్దరికం నాది. దానికి నేను పోయిన పోకడలు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఆగస్టు వచ్చిందంటే మామ్మగారి పెరడంతా లేత మొక్కజొన్న పొత్తుల పొగ. నిప్పుల మీద కాల్చి, ఆల్చిప్పతో గింజలు గీకి, దుప్పట్ల మీద ఎండబెట్టేవారు. ఈగలు తోలడం నా పని, తోలుతూ గుప్పెళ్లకొద్దీ బొక్కడం నేను కల్పించుకున్న పని. ఎండిన ఆ గింజలు చలికాలంలో గొడ్డుమాంసంతో కలిసి పులుసయ్యేవి, మాంసం ముట్టని మాకు విడిగా ఉట్టి గింజలు వచ్చేవి. గింజలు గీకుతూనే ఆవిడ నెబ్రాస్కా సంగతులు చెప్పేది. అక్కడ నదుల ఒడ్డున తన వాళ్లకి మట్టి కప్పిన గుండ్రటి ఇళ్లు ఉండేవట, గుమ్మం తూర్పుకి, నడినెత్తిన పొగ పోయే కంతలోంచి చుక్కలు కనిపించేవట, ఆ చుక్కల్ని చూసుకునే పైరు వేసేవారట. మొక్కజొన్నని వాళ్లు అమ్మ అంటారు. ఆ నేల వదిలి దక్షిణాన ఈ ఓక్లహోమాకి రావలసొచ్చినప్పుడు మామ్మగారి అమ్మమ్మ నా అంత పిల్ల. వచ్చినవాళ్లలో ఎంతోమంది జ్వరాలకి పోయారు. తోలుసంచిలో తెచ్చిన విత్తనాలు మిగిలాయి గానీ ఈ మట్టి వాటికి పడలేదు, ఏటేటా పొత్తులు చిన్నవైపోయాయి.

జులైలో తెగ పండక్కి ఎక్కడెక్కడి వాళ్లూ ఊరికి తిరిగొచ్చేవారు. డప్పు మోగితే పొట్టలో అదిరేది. యుద్ధంలో పోయిన తమ్ముడి పేరిట సైన్యం ఇచ్చిన జెండాని మామ్మగారు పొద్దున్నే తెచ్చి ఎగరేయించేది. ఓ ఏడు ఆయన పేరు మీద అందరికీ కానుకలు పంచుతూ, అమ్మని పిలిచి భుజాల చుట్టూ అంచుకి కుచ్చులున్న శాలువా కప్పింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మన పెళ్లిళ్లలో బట్టలు పెట్టినట్టే ఉందే," అంది.

ఆ రెండిళ్ల మధ్య తిరిగేది ఈ నీలం గిన్నె. అటు నుంచి ఎండు గింజలైనా, నూనెలో వేయించిన రొట్టెలైనా వచ్చేవి. ఇటు నుంచి గిన్నె ఒట్టిగా వెళ్లడం ఎరగదు. "ఖాళీ గిన్నె పంపిస్తే ఏం బావుంటుందే? ఉండు, నాలుగు జంతికలు వేసిస్తా," అనేది అమ్మ.

నా ఎనిమిదో ఏట ఏప్రిల్‌లో మామ్మగారు ఆ గిన్నె నా చేతికిచ్చింది. నిండా తెల్లటి గింజలు, ఒక్కో గింజ మీదా రెక్కలు చాపిన పక్షిలా ఊదారంగు మచ్చ.

"ఇవి విత్తనాలు. మీ అమ్మని నాటమను. నా మాట వినడం లేదివి, ఆవిడ చేతిలో వస్తాయేమో."

"నీకింకా ఉన్నాయా?"

"ఇవే."

కంచె దాటేలోపే నా కళ్లు ఆ మచ్చల మీద పడ్డాయి. మెట్ల పక్కన మట్టిలో చెంచాతో తవ్వుకున్న వామనగుంటలున్నాయి, చింతపిక్కలు ఎప్పుడూ చాలేవి కావు. చిన్న గుప్పెడు తీసుకుని రెండు వైపులా నేనే ఆడి నేనే గెలిచాను. గిన్నె వంటింటి గట్టు మీద పెట్టాను. చెప్పవలసిన మాట చెప్పనే లేదు, పూర్తిగా మరిచిపోయాను.

ఎప్పటిలాగే తినడానికి పంపారనుకుని అమ్మ గింజలన్నీ నానబోసింది. మర్నాడు అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి గారెలు వేసింది. ఆరు తిన్నాను. అమ్మ గిన్నె కడిగి, గారెలతో నింపి పక్కింటికి పంపింది.

మామ్మగారు ఒకటి తుంచింది. లోపల ఊదారంగు పొట్టు ముక్కలు. ఆవిడ వేళ్లు ఆగిపోయాయి, అప్పుడు గుర్తొచ్చింది నాకు. నన్ను కొట్టినా బాగుండేది. ఆవిడ ఆ గారె చివరి ముక్క దాకా మెల్లగా తిని, "బావున్నాయని అమ్మతో చెప్పు," అంది.

ఇంటికి పరిగెత్తి వెక్కుతూ అంతా చెప్పాను. అమ్మ పిండి చేతులతోనే కంచె దాటి వెళ్లి మామ్మగారి కాళ్ల దగ్గర కూలబడి, తెలుగులోనే ఏడ్చింది. ఆవిడ అమ్మ తల మీద చెయ్యి వేసి ఏదో అంది, అది ఇంగ్లీషు కాదు. ఆ ఒక్కసారీ నా అవసరం ఎవరికీ పడలేదు. అప్పుడే నాకు వామనగుంటలు గుర్తొచ్చి మళ్లీ పరిగెత్తాను. చింతపిక్కల్లోంచి ఏరితే పదకొండు గింజలు దొరికాయి.

అమ్మ వాటిని పసిపిల్లల్ని సాకినట్టు సాకింది. గాలి వస్తే అడ్డం దుప్పటి పట్టుకుని నిలబడేది. మొలిచినవి ఐదు, నిలిచినవి మూడు, చేతికొచ్చినవి రెండు పొత్తులు. మామ్మగారు పైపొరలు జడలా అల్లి రెండింటినీ తన వంటింట్లో వేలాడదీసింది. నన్ను ఎత్తి వాటిని ముట్టుకోనిచ్చింది.

రెండేళ్లకి నాన్నకి ఇల్లినాయ్‌లో ఉద్యోగం వచ్చింది. కారెక్కుతుంటే మామ్మగారు గిన్నె నిండా ఎండు గింజలు తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇవి మాత్రం తినడానికే. అమ్మకి చెప్పు, మరిచిపోకు," అంది. ఆవిడ నవ్వుతుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి మాత్రం ఆ క్షణమే అమ్మకి చెప్పాను.

మామ్మగారు పోయి చాలా ఏళ్లయింది, అమ్మా లేదు. ఆ రెండిళ్లూ పోయి గడ్డి మొలిచిందని విన్నాను. పానీ వాళ్ల పాత విత్తనాల్ని ఇప్పుడు నెబ్రాస్కాలోని ఆ పాత నేలలోనే నాటుతున్నారని, అక్కడ బాగా పండుతున్నాయని కూడా విన్నాను. వాటిలో మా రెండు పొత్తుల పిల్లలున్నాయో లేదో తెలియదు. ఉండాలని మాత్రం నాకు చాలా ఆశ.

గారెలు గిన్నె నిండా అయ్యాయి. మా అమ్మాయి ఎవరింటికైనా తీసుకెళ్లమంటావా అని అడుగుతుంది. ఖాళీగా పంపకూడదని నాకు తెలుసు, నింపే ఉంచాను. పంపడానికి ఆ గుమ్మమే లేదు.